దేశాల మధ్య నమ్మకాన్ని కొలవడం ఎలా: ప్రశ్నావళి నుంచి సరిహద్దు దాకా

ఇంటికి తాళం వేసి, చెవి పక్కింటివాళ్లకి ఇచ్చి ఊరెళ్తాం. వాళ్ల మీద మనకి ఎంత నమ్మకం ఉందో ఆ ఒక్క పనే చెబుతుంది. "మీరంటే మాకు చాలా నమ్మకం" అని పదిసార్లు అన్నా, చెవి మాత్రం జేబులో వేసుకుని వెళ్తే దాని లెక్క వేరు. దేశాల సంగతీ అంతే. ఎవరు ఎవరికి తాళం చెవి ఇచ్చారు, ఏ గదిది ఇచ్చారు, ఎన్నాళ్లకి ఇచ్చారు అన్నవే చూడాలి.

రాజనీతి శాస్త్రంలో పీజీ చేస్తున్నవాళ్లు, సివిల్స్‌కి చదివేవాళ్లు, విదేశాంగ వార్తలు రాయడం మొదలుపెట్టిన విలేకరులు తరచూ అడుగుతుంటారు: "నమ్మకం పెరిగింది, తగ్గింది అంటారు కదా, దాన్ని లెక్కగట్టేదెలా?" చాలామంది ఒక సర్వేలో ఒక శాతం పట్టుకుని, దాని చుట్టూ ముప్పై పేజీలు రాసేస్తారు. అలా కాకుండా పద్ధతిగా చేయడానికి కావాల్సిన మెట్లు ఇక్కడ వరుసగా ఇస్తున్నాను. ఉదాహరణ దాదాపు మొత్తం ఒకటే తీసుకున్నాను: భారత్, చైనా, ఆ రెండు సైన్యాల మధ్య సరిహద్దులా నడుస్తున్న వాస్తవాధీన రేఖ. మీ అంశం వేరైనా మెట్లు ఇవే.

## 1. ప్రశ్నను ఒక్క వాక్యంలోకి దించండి

"భారత్, చైనాల మధ్య నమ్మకం తగ్గిందా?" ఈ ప్రశ్నకి టీవీలో చర్చ పెట్టొచ్చు గానీ కొలత పెట్టలేం.

"వాస్తవాధీన రేఖ దగ్గర చైనా సైన్యం రాసుకున్న ఒప్పందాల ప్రకారమే నడుచుకుంటుందని 1988 నుంచి 2025 దాకా భారత ప్రభుత్వం ఎంతవరకు నమ్మింది?" దీనికైతే కొలత పెట్టొచ్చు.

రెండో వాక్యంలో నాలుగు ఖాళీలూ నిండాయి. మీ వాక్యంలోనూ నిండాయో లేదో చూసుకోండి:

□ నమ్మేది ఎవరు? (ప్రజలా, అధికారులా, ప్రభుత్వమా)
□ ఎవరిని?
□ ఏ విషయంలో?
□ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా?

ఇంకో సంగతి. భారత్‌కి చైనా మీద ఉన్న నమ్మకం వేరు, చైనాకి భారత్ మీద ఉన్న నమ్మకం వేరు. రెండింటినీ కలిపి ఒకే అంకె వేయకండి, విడి వరుసల్లో పెట్టండి. ఒక పక్కే కొలవగలిగితే ఒక పక్కే కొలిచానని రాయండి, అందులో తప్పు లేదు.

## 2. నమ్మకం కానివాటిని ముందే పక్కన పెట్టండి

నమ్మకంలా కనిపించేవి మూడు ఉన్నాయి. వాటిని మొదట్లోనే ఏరేయకపోతే చివరిదాకా ఇబ్బంది పెడతాయి.

ఆనవాయితీ. భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 1988 డిసెంబరు 31న చేసుకున్న ఒప్పందం ఇది, మొదటి మార్పిడి 1992లో జరిగింది. కార్గిల్ తర్వాత ఆగలేదు, పార్లమెంటు మీద దాడి జరిగి మూడు వారాలైనా గడవకముందే 2002 జనవరి 1న కూడా ఆగలేదు, ముంబై దాడుల తర్వాతా ఆగలేదు. 2025లో 34వసారి జరిగింది. ఇది చూసి "నమ్మకం గట్టిగా ఉంది" అనగలమా? అనలేం. అణు కేంద్రాల మీద దాడి ఇద్దరికీ చేటు కాబట్టి నడుస్తున్న పని అది. ఎదుటివాడి స్వార్థం మీద మనం పెట్టుకున్న లెక్క అంతే, అతని మనసు మీద పెట్టుకున్న నమ్మకం కాదు.

ఇష్టం. ఒక దేశం సినిమాలు, తిండి, ఫోన్లు నచ్చడం వేరే విషయం.

వ్యాపారం. ఎక్కువమంది పడే గుంట ఇది. లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో రెండు సైన్యాలూ కొట్టుకున్న మరుసటి ఏడాది, అంటే 2021లో, భారత్-చైనా వాణిజ్యం మొదటిసారి 100 బిలియన్ డాలర్లు దాటింది. చైనా కస్టమ్స్ లెక్కలో 125 బిలియన్లు పైమాటే. నమ్మకం అడుగంటిన ఏడాదే వ్యాపారం రికార్డు కొట్టింది. కాబట్టి వాణిజ్యం అంకెను నమ్మకానికి బదులుగా వాడకండి.

## 3. నమ్మకాన్ని మూడు ముక్కలు చేయండి

పల్లెల్లో అప్పు ఇచ్చేవాళ్లు మూడు ప్రశ్నలు వేసుకుంటారు. తీర్చే తాహతు ఉందా? మన మేలు కోరేవాడేనా? మాట మీద నిలబడతాడా? దేశాల విషయంలోనూ ఇవే మూడు: చేవ, సదుద్దేశం, మాట నిలకడ.

ఎందుకు విడగొట్టాలో తీస్తా నది చెబుతుంది. 2011 సెప్టెంబరులో మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్లినప్పుడు తీస్తా నీళ్ల ఒప్పందం సంతకానికి సిద్ధంగా ఉంది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఒప్పుకోకపోవడంతో ఆగిపోయింది. ఢిల్లీకి ఇచ్చే ఉద్దేశం ఉందని బంగ్లాదేశ్ అనుకుని ఉండొచ్చు. దెబ్బతిన్నది ఢిల్లీ చేవ మీద నమ్మకం. ఈ రెండింటినీ కలిపేసి "నమ్మకం తగ్గింది" అని రాస్తే రోగం ఒకటైతే మందు ఇంకొకటి రాసినట్టే.

ఒక దేశంలో లోపలి నమ్మకం, అంటే జనానికి తమ ప్రభుత్వం మీద, రాష్ట్రాలకి కేంద్రం మీద ఉన్న నమ్మకం, బయటి ఒప్పందాలకి తగులుకునేది ఇక్కడే. సొంత ఇంట్లో నమ్మకం లేని ప్రభుత్వం బయట ఇచ్చే మాటకి విలువ తగ్గుతుంది. అందుకే రెండూ కొలవాలి.

## 4. ఏ పొరలో కొలుస్తున్నారో తేల్చుకోండి

మూడు పొరలు ఉంటాయి:

□ సాధారణ ప్రజలు: సర్వే
□ నిర్ణయాలు తీసుకునేవాళ్లు, వాళ్ల చుట్టూ ఉండే నిపుణులు: ఇంటర్వ్యూలు, ప్రసంగాలు, నిపుణుల సర్వేలు
□ రాజ్యం: ఒప్పందాలు, సైన్యం మోహరింపు, సమాచార మార్పిడి

ఒక పొరలో కొలిచి ఇంకో పొర గురించి తీర్పు చెప్పకూడదు. కుదిరితే రెండు పొరలు తీసుకోండి. డబ్బు, టైం లేకపోతే మూడోది ఒక్కటే తీసుకోండి. బహిరంగంగా దొరికే కాగితాలతోనే దాన్ని చేయొచ్చు, పైగా నా లెక్కలో అన్నిటికన్నా నమ్మదగినది అదే.

## 5. ప్రశ్న రాయడం: ఇక్కడ తొందరపడకండి

సర్వే చేసేవాళ్ల కోసం ఈ మెట్టు. చేయనివాళ్లు కూడా చదవండి, ఇతరుల సర్వేలు వాడేటప్పుడు పనికొస్తుంది.

కొన్నేళ్ల కిందట గుంటూరు జిల్లాలో ఒక ఊళ్లో ప్రశ్నావళిని పరీక్షించడానికి వెళ్లాను. "ప్రభుత్వం మీద మీకు ఎంత విశ్వాసం ఉంది?" అన్నది మొదటి ప్రశ్న. అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతున్న ఒక పెద్దావిడ చేట ఆపి, "విశ్వాసం లేకుండా ఎట్లా ఉంటది నాయనా, పించను ఇస్తున్నారు గదా!" అంది. ఆమెకి విశ్వాసం అంటే తిన్న ఇంటిని తలుచుకోవడం, కృతజ్ఞత. నేను అడిగింది ఒకటి, ఆమె జవాబిచ్చింది ఇంకొకటి. కాగితం మీద మాత్రం "చాలా ఎక్కువ" అని టిక్ పడేది.

మాట మార్చి "ప్రభుత్వాన్ని ఎంతవరకు నమ్ముతారు?" అని అడిగాను. "ఏ గవర్నమెంటు? ఢిల్లీదా, ఇక్కడిదా?" అంది. ఇక్కడిదే అన్నాను. "పించను ఒకటో తారీఖుకి వస్తది, అది నమ్ముతా. కాలవకి నీళ్లొస్తయ్యంటే వచ్చినాక నమ్ముతా." ఆ తర్వాత నన్ను తేరిపార చూసి, "ఇంతకీ నిన్ను ఏ పార్టీవాళ్లు పంపారు?" అని అడిగింది.

అయిదు నిమిషాల్లో ఆమె నాకు నాలుగు పాఠాలు చెప్పింది. మాట అర్థం సరిచూసుకోవాలి. ఎవరిని నమ్మడం గురించో స్పష్టంగా అడగాలి. ఏ విషయంలోనో చెప్పాలి. అడిగేవాడు ఎవరి మనిషి అనుకుంటున్నారో తెలుసుకోవాలి.

ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగు చేసేటప్పుడు "విశ్వాసం" అన్న మాటని నేను ఇప్పుడు వాడను. పత్రికల్లో "అవిశ్వాస తీర్మానం" చదివేవాళ్లకి అది రాజకీయ పదం, ఊళ్లో అది కుక్కకి ఉండే గుణం. "నమ్మకం" అన్న నామవాచకం కన్నా "మాట ప్రకారం చేస్తుందని నమ్ముతారా" అన్న క్రియ బాగా పనిచేస్తుంది.

విదేశం గురించి ప్రశ్న ఇలా ఉండొచ్చు:

"మన దేశంతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం చైనా ప్రభుత్వం నడుచుకుంటుందని మీరు ఎంతవరకు నమ్ముతారు? పూర్తిగా నమ్ముతాను / చాలావరకు నమ్ముతాను / కొంచెం నమ్ముతాను / అసలు నమ్మను / చెప్పలేను."

ఒట్టి "చైనా" అని అడగకండి. చైనా ఫోను, చైనా బొమ్మల గురించి జవాబు వస్తుంది. "చెప్పలేను" గడిని తీసేయకండి. విదేశాంగ విషయాల్లో అది పెద్ద గడి, అది కూడా సమాచారమే. సరిహద్దు గొడవల మీద నాలుగు ప్రశ్నలు అడిగి, అయిదోదిగా నమ్మకం గురించి అడిగితే జవాబు కిందికి జారుతుంది. నమ్మకం ప్రశ్న ముందు పెట్టండి.

భయపడి జవాబు చెప్పేచోట. ప్రభుత్వాన్ని నమ్మనని చెప్పడానికి జంకే దేశాల్లో సూటి ప్రశ్నకి వచ్చే 90 శాతాలని అలాగే తీసుకోవద్దు. జాబితా పద్ధతి వాడండి. జనాన్ని చీటీలు వేసినట్టుగా రెండు గుంపులు చేస్తారు. మొదటి గుంపుకి మూడు మామూలు వాక్యాలు చూపించి, "వీటిలో ఎన్నిటితో ఏకీభవిస్తారు, ఏవేవో చెప్పక్కర్లేదు, సంఖ్య చెప్పండి" అంటారు. రెండో గుంపుకి అవే మూడు, అదనంగా "ప్రభుత్వాన్ని నమ్ముతాను" అన్న నాలుగోది. మొదటి గుంపు సగటు 1.8, రెండోది 2.3 వచ్చిందనుకోండి. తేడా 0.5, అంటే సుమారు సగంమంది నమ్ముతున్నారు. ఎవరు ఏమన్నారో అడిగినవాడికి కూడా తెలియదు. దీనికి మామూలు సర్వే కన్నా ఎక్కువమంది కావాలి, అది ముందే బడ్జెట్‌లో వేసుకోండి.

ఎంతమంది? యాదృచ్ఛికంగా ఎంచిన 1,000 మందితో చేస్తే లోపం అటూ ఇటూ 3 శాతం పాయింట్లు, 400 మందితో దాదాపు 5. ఊళ్లవారీగా గుంపులు ఎంచుకుంటే ఇంకా పెరుగుతుంది. కాబట్టి 42 శాతం 44 అయిందని "నమ్మకం పెరిగింది" అని రాయకండి.

## 6. రెడీమేడ్ సర్వేలు వాడే ముందు

సొంతంగా సర్వే చేసే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నవాటిని వాడొచ్చు, కానీ ఎవరిని అడిగారో చూసి వాడండి.

ప్రపంచ విలువల సర్వేలో సొంత ప్రభుత్వం, పార్లమెంటు, పార్టీల మీద నమ్మకంతోపాటు "వేరే దేశస్థులని ఎంత నమ్ముతారు" అన్న ప్రశ్న కూడా ఉంది. విదేశాల మీద వైఖరికి మూలం ఎక్కడుందో చూడాలనుకునేవాళ్లకి అది బాగా పనికొస్తుంది. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ వేర్వేరు దేశాల నాయకులు ప్రపంచ వ్యవహారాల్లో సరైన పని చేస్తారన్న నమ్మకం ఉందా అని అడుగుతుంది. గమనించండి, అది నాయకుడి మీద ప్రశ్న, దేశం మీద కాదు. నాయకుడు మారితే ఏడాదిలో అంకె తలకిందులవుతుంది.

సింగపూర్‌లోని ఐసియాస్-యూసోఫ్ ఇషాక్ సంస్థ 2019 నుంచి ఆగ్నేయాసియాలో ఏటా సర్వే చేస్తోంది. చైనా, అమెరికా, జపాన్, భారత్ వంటి దేశాలు ప్రపంచానికి మేలు చేస్తాయన్న నమ్మకం ఉందా అని అడుగుతుంది. అందులో జపాన్‌ది ఎప్పుడూ మొదటి స్థానమే. కానీ జవాబులు చెప్పేది పరిశోధకులు, అధికారులు, వ్యాపారులు, విలేకరుల వంటివాళ్లు. "ఆగ్నేయాసియా ప్రజలు జపాన్‌ని నమ్ముతున్నారు" అని రాస్తే తప్పు. ఎడెల్మాన్ అనే ప్రజాసంబంధాల సంస్థ ఏటా వేసే నమ్మకం సూచీలో భారత్ దాదాపు ఎప్పుడూ పై వరుసలోనే ఉంటుంది. ఆ సర్వే ఆన్‌లైన్‌లో జరుగుతుంది. చేట పట్టుకుని కూర్చున్న పెద్దావిడ అందులో లేదు.

ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న అడిగిన సర్వే దొరికితే వదలకండి. వాషింగ్టన్ ప్రభుత్వం సరైన పని చేస్తుందని ఎంతవరకు నమ్ముతారన్న ప్రశ్నని అమెరికాలో 1958 నుంచి అడుగుతున్నారు. 1964లో 77 శాతం నమ్మారు, 2024లో 22 శాతం. ప్రశ్న మారలేదు కాబట్టే ఆ పతనాన్ని మనం నమ్మగలుగుతున్నాం.

## 7. రాజ్యాల ప్రవర్తనను అయిదు గడుల్లో నింపండి

ఈ పనికి అసలు వెన్నెముక ఇదే. ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. అడ్డంగా అయిదు గడులు, నిలువుగా సంవత్సరాలు. ఒక్కో గడికి 0 నుంచి 3 మార్కులు. 0 అంటే ఏమీ లేదు, 3 అంటే పుష్కలంగా ఉంది.

అ) వదిలిన జాగా. ఎదుటివాడు మోసం చేస్తే మనకి నష్టం జరిగేలా ఎంత భాగం కాపలా లేకుండా వదిలాం? భారత్, చైనాలు 1993 సెప్టెంబరు 7న శాంతి ఒప్పందం చేసుకున్నాయి. 1996 నవంబరు 29 ఒప్పందంలో రేఖకి 2 కిలోమీటర్ల లోపల కాల్పులు, పేలుళ్లు వద్దనీ, యుద్ధ విమానాలు 10 కిలోమీటర్ల లోపలికి రాకూడదనీ రాసుకున్నాయి. సైనికుడు తుపాకీ పేల్చననే కట్టుబాటుతో ఎదుటి దళానికి ముఖాముఖిగా నిలబడటం కన్నా పెద్ద తాళం చెవి ఉండదు. ఇక్కడ 2 వేయొచ్చు.

ఆ) తనిఖీ. చూడటానికి తేలిగ్గా ఉంటుంది గానీ చదవడం కష్టం. 1987 డిసెంబరు 8న అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ సంతకం చేసిన మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందంలో తనిఖీ అధికారులు ఎదుటి దేశంలోనే కాపురం పెట్టారు: అమెరికన్లు రష్యాలోని వోట్కిన్స్క్‌లో, సోవియట్లు యూటా రాష్ట్రంలో మాగ్నాలో. 1991 నాటికి 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. అంత తనిఖీ కావాల్సి వచ్చిందంటే నమ్మకం తక్కువనేగా? నిజమే. కానీ తన ఫ్యాక్టరీ గేటు దగ్గర శత్రువు మనిషిని కూర్చోనివ్వడం చిన్న విషయం కాదు. అందుకని తనిఖీ ఎంత ఉందో చూసి మార్కు వేయకండి, ఎటు పోతోందో చూసి వేయండి. ఉల్లంఘనలు పెరగకుండా తనిఖీ తగ్గుతూ వస్తే మార్కు పెంచండి.

సియాచిన్‌లో దీనికి వ్యతిరేక ఉదాహరణ ఉంది. ఎవరి సైన్యం ఇప్పుడు ఎక్కడుందో మ్యాప్ మీద గుర్తు పెట్టి సంతకం చేస్తేనే వెనక్కి వస్తామని భారత్, ఆ పని చేయకుండానే వెళ్లిపోదామని పాకిస్తాన్. ఆ ఒక్క సంతకం దగ్గరే చర్చలు దశాబ్దాలుగా నిలిచిపోయాయి. అలాంటి గడిలో 0.

ఇ) ఇచ్చే సమాచారం. మ్యాప్‌లు, నీళ్ల లెక్కలు, విన్యాసాల ముందస్తు కబురు. భారత్, చైనాలు 2000లో మధ్య సెక్టార్ (హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు) మ్యాప్‌లు మార్చుకున్నాయి. 2002లో పశ్చిమ సెక్టార్ (లద్దాఖ్ వైపు) దగ్గరికి వచ్చేసరికి ఆ పని ఆగిపోయింది. రేఖ పొడవు 3,488 కిలోమీటర్లని భారత్ అంటుంది, దాదాపు 2,000 అని చైనా అంటుంది. పొడవు మీదే ఏకాభిప్రాయం లేని గీత అది. బ్రహ్మపుత్ర వరద సమాచారం చూడండి: వానాకాలంలో చైనా ఇస్తూ వచ్చిన ఆ లెక్కలు, భూటాన్ దగ్గరి డోక్లాంలో రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడిపోయిన 2017లో రాలేదు, 2018లో మళ్లీ వచ్చాయి. ఏడాదికేడాది మార్కు మారేది ఇలాంటి చోటే.

ఈ) ఖరీదైన సంకేతం. మాటకి ఖర్చు లేదు. దొంగకూడా దొర మాటలు చెప్పగలడు. చెప్పేవాడికి నిజంగా నష్టం కలిగే పని అయితేనే లెక్కలోకి తీసుకోండి. 1988 డిసెంబరు 7న గోర్బచేవ్ ఐక్యరాజ్యసమితిలో, ఎదుటివాళ్లు ఏమీ ఇవ్వకుండానే, 5 లక్షల సైన్యాన్ని, 10,000 ట్యాంకులని తగ్గిస్తానని ప్రకటించాడు. యుద్ధం చేసే ఆలోచన ఉన్నవాడు చేసే పని కాదది. దానికి 3. వూహాన్ (2018), మామల్లపురం (2019)లో మోదీ, చైనా అధ్యక్షుడు జిన్‌పింగ్ శిఖరాగ్ర భేటీల్లో ఫొటోలు బాగా వచ్చాయి, ఎవరూ ఏదీ వదులుకోలేదు. నేనైతే వాటికి 1 కన్నా ఎక్కువ వేయను.

ఉ) పొరపాటుని చదివే తీరు. ఎదుటివాడు గీత దాటినప్పుడు మొదటి 48 గంటల్లో వచ్చిన ప్రకటనలు చదవండి. "ఏదో పొరపాటు జరిగుంటుంది, మాట్లాడుకుందాం" అన్నారా, "ముందే వేసుకున్న పథకం" అన్నారా? నమ్మకం ఉన్నచోట మొదటిది వస్తుంది, పోయినచోట రెండోది.

మార్కులు మీరొక్కరే వేయకండి. అదే కాగితాలు ఇంకొకరికి ఇచ్చి, మీ మార్కులు చూపించకుండా వేయించండి. 100 గడుల్లో 80కి పైగా కలిస్తే ముందుకి వెళ్లండి. కలవకపోతే గడి నిర్వచనం తిరగరాయండి, ఆ మనిషితో వాదనకి దిగకండి.

## 8. తగాదా రోజుని దగ్గరగా చూడండి

ప్రశాంతంగా ఉన్న ఏళ్లలో నమ్మకం ఉందో లేదో బయటపడదు. అందుకే ఒక సంక్షోభం ఎంచుకుని రోజువారీగా రాయండి.

గల్వాన్‌నే తీసుకోండి. 2020 జూన్ 6న రెండు దేశాల సైనిక కమాండర్లు కూర్చుని వెనక్కి తగ్గుదామని అనుకున్నారు. ఆ మాట ప్రకారం ఎదుటివాళ్లు కదిలారా లేదా చూడటంలోనే వివాదం రాజుకుంది. జూన్ 15 రాత్రి మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మంది భారత సైనికులు చనిపోయారు. తమవాళ్లు నలుగురు చనిపోయారని చైనా 2021 ఫిబ్రవరిలో చెప్పింది. కాల్పులు వద్దన్న ఒప్పందం ఆ రాత్రి కూడా కాగితం మీద అమల్లోనే ఉంది. రాళ్లు, ఇనుప కడ్డీలతో కొట్టుకున్నారు. 1975 తర్వాత ఆ రేఖ మీద ప్రాణాలు పోవడం అదే మొదటిసారి.

ఇక్కడ మీ షీటు ఏం చూపించాలంటే: ఒప్పందాల సంఖ్య తగ్గలేదు (1993, 1996, 2005, 2012, 2013), కానీ "వదిలిన జాగా" గడి సున్నాకి పడింది. ఒప్పందాలు లెక్కపెట్టుకుంటూ పోయినవాళ్లకి 2020 పిడుగులా తగిలింది. చుట్టుపక్కల గడులు చూస్తున్నవాళ్లకి 2013లో డెప్సాంగ్, 2014లో జిన్‌పింగ్ అహ్మదాబాద్‌లో ఉండగానే చుమార్, 2017లో 73 రోజుల డోక్లాం ప్రతిష్టంభనలు ముందే కనిపించాయి.

తర్వాతి రోజులు కూడా నింపండి. 2020 జూన్ 29న భారత్‌లో 59 చైనా యాప్‌ల నిషేధం. 2024 అక్టోబరు 21న గస్తీ మీద అంగీకారం. మర్నాడే భారత సైన్యాధిపతి, మధ్యనున్న జాగాల్లోకి చొరబడటం లేదని ఒకరికొకరు భరోసా ఇచ్చుకోగలిగినప్పుడే నమ్మకం తిరిగొస్తుందన్న అర్థంలో మాట్లాడారు. 2025లో కైలాస మానసరోవర యాత్ర, నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాయి. ఇవన్నీ తేలిగ్గా వెనక్కి తీసుకోగలిగిన పనులు, కాబట్టి తక్కువ మార్కులే. రెండు పక్కలా కొండల మీద అదనంగా నిలిపిన సైన్యం ఇంటికి వెళ్తే, అప్పుడు "వదిలిన జాగా" గడి కదులుతుంది.

## 9. నమ్మకం ఏం చేసిందో పరీక్షించండి

కొలిచాక అసలు ప్రశ్న: దానివల్ల ఏమైనా జరిగిందా? మూడు రకాల పని కోసం వెతకండి. నమ్మకం ఉంటే ఒప్పందాలు తొందరగా కుదిరాయా? కాపలా ఖర్చు తగ్గిందా? ప్రమాదం జరిగినప్పుడు గొడవ ముదరకుండా ఆగిందా?

తర్వాత మీ వాదనకి మీరే ప్రతివాది అవ్వండి:

□ బలాబలాలు మారడం వల్ల ఇదే జరిగి ఉండేదా?
□ మూడో దేశం ఒత్తిడి ఉందా?
□ నమ్మకం వల్ల శాంతి వచ్చిందా, శాంతిగా ఉండటం వల్ల నమ్మకం వచ్చిందా? (ఏది ముందు కదిలిందో తేదీలు పెట్టి చూడండి)
□ నమ్మకం తక్కువగా ఉన్నా సహకారం నడిచిన ఉదాహరణ ఉందా?

చివరిదానికి భారత్, పాకిస్తాన్‌ల సింధు జలాల ఒప్పందం ఉంది. 1960 సెప్టెంబరు 19న కుదిరింది. 1965, 1971, 1999 యుద్ధాల్లోనూ ఆగలేదు. లోతైన నమ్మకం ఉండి కాదు, నదుల్ని విడదీసి పంచుకోవడం, కమిషన్, మధ్యవర్తిత్వం వంటి ఏర్పాట్లు ఉండటం వల్ల. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 23న భారత్ దాన్ని నిలిపివేసింది. ఏర్పాట్లు నమ్మకానికి బదులుగా అరవై ఏళ్లకి పైగా మోశాయి. మోయలేని రోజు కూడా వచ్చింది. మీ అధ్యయనంలో ఇలాంటి ఎదురు ఉదాహరణ ఒకటైనా లేకపోతే పరీక్షకులు మొదటి ప్రశ్న అదే అడుగుతారు.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఐరాసలో ఓట్లు కలిశాయని నమ్మకం అనడం. ఓట్లు కలవడం ప్రయోజనాలు కలవడమే. ఓట్ల లెక్కని విడి గడిలో పెట్టండి.

వార్తల డేటాబేస్‌ని కళ్లు మూసుకుని వాడటం. జీడెల్ట్ వంటివి వార్తల్ని యంత్రంతో చదివి, తగాదా వైపు -10 నుంచి సహకారం వైపు +10 దాకా అంకె వేస్తాయి. ఒకే సంఘటన యాభై పత్రికల్లో వస్తే చాలాసార్లు పడే ప్రమాదం ఉంది. నమూనాగా 50 వరుసలు చేత్తో సరిచూడండి.

ఒక దేశం లెక్కనే తీసుకోవడం. కాల్పుల విరమణ ఉల్లంఘనలకి భారత్ లెక్క ఒకటి, పాకిస్తాన్ లెక్క ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టండి, సగటు తీయకండి.

ప్రసంగాల్లో "పరస్పర విశ్వాసం" అన్న మాటని లెక్కపెట్టడం. సంయుక్త ప్రకటనల్లో ఆ మాట అలవాటుగా ఉంటుంది. అది ఉండటం కన్నా, ఎప్పుడూ ఉండేది ఒకసారి మాయమైతే అది చూడాల్సిన విషయం.

ఏడాది సగటులో సంక్షోభాన్ని కలిపేయడం. 2020కి ఒకే మార్కు వేయకండి. జూన్ 15కి ముందు ఒకటి, తర్వాత ఒకటి.

## 11. అప్పజెప్పే ముందు

□ మొదటి మెట్టులో రాసిన వాక్యానికే జవాబు ఇచ్చారా, దారిలో ప్రశ్న మారిపోయిందా?
□ రెండు దిక్కులు విడిగా ఉన్నాయా?
□ చేవ, సదుద్దేశం, మాట నిలకడలో ఏది కదిలిందో చెప్పారా?
□ ప్రతి మార్కు పక్కన తేదీ, దాని ఆధారం ఉన్నాయా?
□ రెండో మనిషితో మార్కులు వేయించారా?
□ సర్వే ఎవరిని అడిగిందో అదే పేరాలో రాశారా?
□ సర్వే అంకె, షీటులో మార్కు ఎదురెదురుగా నిలబడితే ఎందుకో వివరించారా?

చివరి గడికి ఒక మాట. జనం అభిప్రాయం, రాజ్యం ప్రవర్తన ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే గాబరాపడి ఒకదాన్ని తీసేయకండి. రెండు కొలతలూ ఉంచి, ఏది ముందు కదిలిందో తేదీల వరుసలో చూడండి. మీ రెండో అధ్యాయం అక్కడ దొరుకుతుంది.